జెట్టీ రుసుము మాఫీకి ఎవరి సంతకం కావాలి? ఒక రేవు రుణ ఒప్పందం కేస్ స్టడీ

ప్రభుత్వాలు తీసుకునే అప్పుల ఒప్పందాలు చదవడం నా వృత్తి. సికింద్రాబాద్‌లో చార్టర్డ్ అకౌంటెంట్‌గా మొదలుపెట్టాను. చాలా ఏళ్లుగా చిన్న దేశాల ఆర్థిక శాఖలకు రుణ సలహాదారుగా పని చేస్తున్నాను. విదేశీ డబ్బుతో రేవు కడితే, విమానాశ్రయం కడితే దేశ సార్వభౌమత్వం పోతుందా అని బంధువుల దగ్గర నుంచి మంత్రుల దాకా అందరూ అడుగుతారు. ఒకప్పుడు ఈ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు పైపైది. దాన్ని మార్చిన కేసు ఇది.

దేశం పేరు, అప్పిచ్చిన బ్యాంకు ఏ దేశానిది, ఏ సంవత్సరం అన్నవి చెప్పను. గుర్తు పట్టే వీలున్న అంకెలు తీసేశాను. క్లాజుల స్వభావం, మేం తీసుకున్న నిర్ణయాలు, చేసిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

సముద్రం మీద ఆధారపడి బతికే చిన్న దేశం. దిగుమతులన్నీ ఒకే రేవు గుండా రావాలి. పాత రేవులో లోతు చాలక పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకును చిన్న పడవల్లోకి దించి ఒడ్డుకు తెచ్చేవారు. ఆ ఖర్చంతా బియ్యం, సిమెంటు, డీజిల్ ధరల్లో చేరేది. కొత్త రేవు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఈ మాట ముందే చెప్పాలి. ఇలాంటి కేసుల్లో అప్పు మీద కోపం ప్రాజెక్టు మీదికి పాకిపోతుంది.

సొంత బడ్జెట్‌తో కట్టే స్తోమత లేదు. అంతర్జాతీయ అభివృద్ధి బ్యాంకులు పర్యావరణ అధ్యయనాలు, పునరావాస ప్రణాళికలు అడిగాయి. అవి పూర్తి కావడానికి ఏళ్లు పడుతుంది, ఎన్నికలేమో దగ్గర పడ్డాయి. అప్పుడే ఒక విదేశీ ప్రభుత్వ బ్యాంకు అప్పు, కట్టే కంపెనీ, గడువు అన్నీ కలిపి ఒకే పొట్లంగా తెచ్చింది. ప్రభుత్వం పూర్తి హామీ ఇచ్చి సంతకం చేసింది. పార్లమెంటు ముందు అప్పు మొత్తం, వడ్డీ రేటు మాత్రమే పెట్టారు. ఒప్పందం పెట్టలేదు.

రేవు బాగానే కట్టారు. నాలుగేళ్లకు ప్రభుత్వం మారింది. ‘రేవును అమ్మేశారు’ అన్న నినాదంతోనే కొత్తవాళ్లు గెలిచారు. గెలిచాక నన్ను పిలిచారు.

సమస్య మొదట కనిపించిన తీరు

మొదటి సమావేశంలో మంత్రిగారు అడిగింది ఒక్కటే. “రేవును తనఖా పెట్టారా, లేదా?” ఇంకో హంబన్‌టోట, అంటే శ్రీలంకలో చైనా సంస్థకు లీజుకు పోయిన రేవు, అవుతుందేమోనన్న భయం ఆ గదిలో అందరికీ ఉంది.

రెండు రోజులు చదివాను. తనఖా లేదు. భూమి, బెర్తులు, క్రేన్లు ఏవీ బ్యాంకు పేరున లేవు. ఆ మాటే చెప్పాను. కొందరు ఊపిరి పీల్చుకున్నారు, కొందరి మొహాలు వాడిపోయాయి. నేనైతే నివేదిక మొదలుపెట్టేశాను కూడా.

మూడో రోజు రుణ విభాగం డైరెక్టర్ గారు నన్ను రేవు ఆఫీసుకు తీసుకెళ్లారు. సగం వయసు ఆ శాఖలోనే గడిపిన మనిషి, అనవసరంగా ఒక్క మాట మాట్లాడరు. అకౌంటెంటు బల్ల మీద దారంతో కట్టిన పల్చటి ఫైలు ఒకటి తీసి నా ముందు పెట్టారు. క్రితం ఏడు తుపానుకు చిన్న మరపడవలు బాగా దెబ్బతిన్నాయి. చేపలు దించే జెట్టీ రుసుమును ఆరు నెలలు మాఫీ చేస్తూ క్యాబినెట్ తీర్మానించింది. రేవు ఆదాయంలో అది లెక్కలోకి రానంత చిన్న మొత్తం. తీర్మానం కింద అకౌంటెంటు నీలి సిరాతో రాసిన నోట్ ఉంది: ‘రుణదాత ముందస్తు అనుమతి కోసం లేఖ పంపబడింది’. దాని కింద ఒక రిమైండర్. ఇంకో రిమైండర్. ఏడో వారంలో జవాబు వచ్చింది. మూడు నెలలకు మాత్రం ఒప్పుకుంటున్నాం అని. అప్పటికే వేట సీజన్ సగం గడిచిపోయింది. పడవలవాళ్లు రోజూ డబ్బు కట్టి తీసుకున్న రసీదుల నకళ్లు ఫైలు చివర పిన్ను చేసి ఉన్నాయి.

“రేవు మాదేనని మీరు చెప్పారు, నిజమే. మరి ఈ కాగితం సంగతేంటి?” అని అడిగారు డైరెక్టర్ గారు.

నా దగ్గర జవాబు లేదు. అంతవరకు రాసిన నివేదికను ఆ రాత్రి పక్కన పెట్టేశాను.

ప్రశ్న మార్చుకోవడం

ఒప్పందాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను. ఈసారి ‘ఎవరి ఆస్తి’ అని వెతకలేదు. ఒక కాగితం మీద మూడు గడులు గీశాను. మొదటి గడిలో ప్రభుత్వం తీసుకునే ఒక నిర్ణయం, రెండో గడిలో ఇదివరకు దాని మీద ఎవరి సంతకం ఉండేది, మూడో గడిలో ఇప్పుడు ఎవరి సంతకం కావాలి. ఈ పని మొదటి రోజే చేయాల్సింది. తనఖా అన్న మాట చుట్టూ అంత గొడవ జరుగుతుంటే నేనూ దాని వెంటే పోయాను.

గడులు నిండేకొద్దీ అసలు సంగతి బయటపడింది. రేవు రాబడి అంతా ఒక ఎస్క్రో ఖాతాలో, అంటే అప్పిచ్చినవాళ్ల షరతుల ప్రకారమే డబ్బు తీయగలిగే ఖాతాలో, పడాలి. ఏటా రేవు బడ్జెట్‌కు బ్యాంకు ఆమోదం కావాలి. రాబడి తగ్గించే ఏ రుసుము మార్పుకైనా ముందే రాతపూర్వక అనుమతి కావాలి. షెడ్యూల్‌లోని పటంలో ‘రేవు పరిధి’ గీత చేపల జెట్టీని కూడా లోపలికి కలిపేసుకుంది. గీసినవాళ్లకు చెడు ఉద్దేశం ఉందనుకోను. తీరం వెంబడి నిటారుగా గీసేశారు, సంతకం పెట్టినవాళ్లు పటం తెరిచి చూడలేదు.

నిజానికి ప్రాజెక్టు అప్పుల్లో ఎస్క్రో మామూలే. ఒక ప్రైవేటు కంపెనీ టోల్ రోడ్డు కడితే, వసూలైన డబ్బు ముందు బ్యాంకు ఖాతాకే పోతుంది. ఎందుకంటే అక్కడ బ్యాంకుకు ఆ రోడ్డు రాబడి తప్ప ఇంకో దిక్కు లేదు. ఇక్కడ ప్రభుత్వం ఖజానా మొత్తాన్ని హామీగా ఇచ్చింది. ఆ పైన రాబడి మీద పట్టు కూడా ఇచ్చింది. ఒకే భయానికి రెండు తాళాలు, రెండో తాళం చెవి పరాయి చేతిలో. ఉగాండాలో ఎంటెబ్బే విమానాశ్రయం కోసం 2015లో చైనా ఎగ్జిమ్ బ్యాంకు నుంచి తీసుకున్న 20 కోట్ల డాలర్ల అప్పు మీద రేగిన గొడవ కూడా ఇలాంటిదే. విమానాశ్రయం పోయిందని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. ఒప్పందం బయటికొచ్చాక చూస్తే, విమానాశ్రయం తనఖాలో లేదు, దాని రాబడి ఖాతా మీదే పట్టు ఉంది. వార్త తప్పే, ఆందోళన మాత్రం పూర్తిగా తప్పు కాదు.

రెండోది, విదేశీ కోర్టుల్లో దావా, ఆస్తుల జప్తు నుంచి దేశానికి ఉండే చట్టపరమైన రక్షణను వదులుకునే క్లాజు. వాణిజ్య అప్పుల్లో ఇదీ ఉంటుంది. అయితే అనుభవం ఉన్న లాయర్లు సైన్యం, రాయబార కార్యాలయాలు, సెంట్రల్ బ్యాంకు నిల్వలను దాని నుంచి మినహాయిస్తారు. ఇందులో ఆ మినహాయింపు లేదు. 2012 అక్టోబరులో అర్జెంటీనా నౌకాదళ శిక్షణ ఓడ లిబెర్టాడ్‌ను, పాత బాండ్ల బాకీ కోసం ఒక హెడ్జ్ ఫండ్ ఘనాలోని తెమా రేవులో ఆపించింది. అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానం డిసెంబరులో విడిపించమని ఆదేశించేదాకా అది అక్కడే ఉంది. యుద్ధనౌకకు అంతర్జాతీయ చట్టం రక్షణ ఉండబట్టి బయటపడింది. ఆ రక్షణ లేని ఆస్తుల మాటేమిటన్నదే మా టెన్షన్.

మూడోది, గోప్యత క్లాజు. బ్యాంకు ఒప్పుకోకుండా షరతులు ఎవరికీ చెప్పకూడదు. దాంతో పార్లమెంటుకూ చెప్పలేదు. 24 దేశాలు చైనా సంస్థలతో చేసుకున్న 100 ఒప్పందాలను చదివి పరిశోధకులు 2021లో నివేదిక ఇస్తే, 2014 తర్వాతి ప్రతి ఒప్పందంలోనూ ఇలాంటి గోప్యత షరతు కనిపించింది. ఇది చైనాతో పుట్టిన జబ్బు కాదు. మన హైదరాబాద్‌లోనే 1883లో చాందా రైల్వే పథకం మీద ఇదే గొడవ జరిగింది. లండన్ కంపెనీతో, నిజాం ప్రభుత్వ హామీ మీద కుదుర్చుకుంటున్న బేరం షరతులు ప్రజల ముందు పెట్టమని నగరంలోని చదువుకున్నవాళ్లు అడిగారు. అందులో ముందున్న అఘోరనాథ్ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, రాజ్యం నుంచే వెళ్లగొట్టారు. ఆ హామీ రైల్వేను నిజాం ప్రభుత్వం 1930లో కొనుక్కుని సొంతం చేసుకునేదాకా అర్ధశతాబ్దం పట్టింది.

ఇక నాలుగోది, పోటీ రేవు షరతు. పటంలో గీసిన తీరం పొడవునా అప్పు తీరేదాకా బ్యాంకు సమ్మతి లేకుండా ఇంకో రేవు కట్టకూడదు.

వడ్డీ సంగతి ఒక్క ముక్కలో చెప్తాను: మరీ ఎక్కువేమీ కాదు. పత్రికలన్నీ దాని మీదే రాశాయి.

ప్రయత్నించినవి, ఎందుకు పనిచేయలేదు

మొదట వచ్చిన ఆలోచన రద్దు. ఎన్నికల మాట నిలబెట్టుకోవాలని మంత్రివర్గంలో సగం మంది పట్టుబట్టారు. నేను వాళ్లకు మాల్దీవుల రాజధాని మాలే విమానాశ్రయం కథ చెప్పాను. అక్కడ విదేశీ పెట్టుబడిదారు మన రాజాం ప్రాంతంలో పుట్టిన జీఎంఆర్. 2010లో మలేషియా సంస్థతో కలిసి 25 ఏళ్లకు, సుమారు 51 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ప్రయాణికుల మీద వేసే 25 డాలర్ల రుసుము చెల్లదని అక్కడి కోర్టు చెప్పింది, ప్రభుత్వం మారింది, 2012 నవంబరులో ఒప్పందం రద్దు చేశారు. సింగపూర్ అప్పీలు కోర్టు మాల్దీవులకు ఆ అధికారం ఉందనే చెప్పింది. అధికారం ఉంది, బిల్లూ ఉంది. ఒప్పందం చెల్లుతుందని మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ 2014లో తేల్చింది, 2016లో మాల్దీవులు దాదాపు 27 కోట్ల డాలర్లు కట్టింది. ఆ విమానాశ్రయం విస్తరణ తర్వాత చైనా ఎగ్జిమ్ బ్యాంకు అప్పుతో జరిగింది. మనవాళ్లు అక్కడ విదేశీ పెట్టుబడి అన్న సంగతి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. పెట్టుబడి ఏ దేశానిదన్న దాన్ని బట్టి మంచీ చెడూ తేల్చకూడదని నేర్పింది ఆ కేసే. మా కేసులో రద్దు చేస్తే క్రాస్ డిఫాల్ట్ క్లాజు, అంటే ఒక అప్పు తప్పితే మిగతావీ తప్పినట్టే అనే షరతు, ఊరుకోదు, మిగతా అప్పులన్నీ ఒకేసారి కట్టమని అడిగే ప్రమాదం. ఆ ఆలోచన అక్కడితో ఆగింది.

తర్వాత, పార్లమెంటు ఆమోదం లేదు కాబట్టి ఒప్పందమే చెల్లదని వాదించాలనుకున్నాం. దీని మీద విలువైన వారాలు పోయాయి. పాత ఫైళ్లలో ఒక ఉత్తరం దొరికాక వాదన కూలిపోయింది. మొదటి విడత డబ్బు విడుదలకు ముందు ప్రభుత్వ అటార్నీ జనరలే ‘దేశ చట్టం ప్రకారం అన్ని అనుమతులూ ఉన్నాయి’ అని సంతకం పెట్టి బ్యాంకుకు అభిప్రాయం ఇచ్చారు. ఇది ప్రతి పెద్ద అప్పుకూ అడిగే కాగితమే, నేను ముందే వెతకాల్సింది. వివాదం వస్తే విచారణ విదేశంలో, ఆ దేశపు చట్టం కింద. అక్కడ ఈ ఉత్తరం చూపిస్తే మా మాట ఎవరు వింటారు?

మూడోది నా సలహా, నా తప్పు. వేరేచోట అప్పు తెచ్చి ఈ బాకీ తీర్చేద్దాం అన్నాను. బాండ్ మార్కెట్‌లో అడిగితే వడ్డీ చాలా ఎక్కువ చెప్పారు. ఈ బ్యాంకుతో పోటీలో ఉన్న ఇంకో దేశం ముందుకొచ్చింది. ముసాయిదాలో భవిష్యత్తులో కట్టే ప్రతి టెర్మినల్‌కూ మొదటి అవకాశం వాళ్లకే అన్న షరతు ఉంది. ఒక పటం మీద గీత చెరిపేసి ఇంకొకరి గీత గీయడమే అది.

హంబన్‌టోట అసలు పాఠం నాకు తెలిసి కూడా ఈ తప్పు చేశాను. అక్కడ 2017లో రేవును 99 ఏళ్లకు చైనా మర్చంట్స్ సంస్థకు లీజుకిచ్చి 112 కోట్ల డాలర్లు తీసుకున్నారు. చాలామంది అనుకునేట్టు ఆ డబ్బుతో రేవు అప్పు రద్దు కాలేదు. డాలర్ల కొరత తీర్చుకోవడానికి వాడుకున్నారు, రేవు అప్పులు ప్రభుత్వం మీద అలాగే మిగిలాయి. ఆ కొరతకు పెద్ద కారణం అంతర్జాతీయ బాండ్ల కిస్తీలు. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక చెల్లింపులు ఆపేసినప్పుడు కూడా విదేశీ అప్పులో పెద్ద వాటా బాండ్లదే. ఖజానా ఎండిపోయిన రోజున బేరమాడే శక్తి ఉండదు, ఎవరికి బాకీ ఉన్నా అంతే. బాండ్లకు జెండా ఉండదు కాబట్టి అవి ప్రమాదంగా కనిపించవు. నాకూ కనిపించలేదు.

పనిచేసినది

మిగిలింది కూర్చుని మాట్లాడటం. అందులోనూ మొదటిసారి చెడగొట్టుకున్నాం. ప్రతి శాఖా ఒక కోరిక కలిపింది, ఉత్తరం పేజీలకు పేజీలు అయింది. నెలలు గడిచినా జవాబు లేదు. అవతలి అధికారి స్థానంలో నన్ను ఊహించుకున్నాను. అంత జాబితా తీసుకుని పైవాళ్ల దగ్గరికి వెళ్తే ఆయన ఉద్యోగానికే ముప్పు. ఆయన చేతికి తేలిగ్గా మోసుకెళ్లగలిగేది ఇవ్వాలి.

వాళ్ల భయం ఏమిటో ఆలోచించాం. రేవు రాబడి అంచనాల కంటే తక్కువగా ఉంది. గ్రేస్ పీరియడ్, అంటే కిస్తీలు కట్టక్కర్లేని మొదటి కాలం, మరుసటి ఏడాది ముగుస్తుంది. మొదటి కిస్తీయే తప్పితే వాళ్ల పుస్తకాల్లోనూ మచ్చ. కాబట్టి వాళ్లకు కావాల్సింది జెట్టీ రుసుము కాదు, కిస్తీ వస్తుందన్న నమ్మకం, లెక్కలు సరిగ్గా కనిపించడం.

డైరెక్టర్ గారు కోరికల్ని నాలుగుకు కుదించారు. ఎస్క్రోలో రెండు కిస్తీలకు సరిపడా నిల్వ ఉంటే మిగిలిన రాబడి రేవుకే పోవాలి. బడ్జెట్‌కు ఆమోదం బదులు సమాచారం ఇస్తే చాలు. చేపల జెట్టీ, ప్రయాణికుల ఫెర్రీ రుసుములు పరిధి నుంచి బయటికి. ఒప్పందాన్ని పార్లమెంటు కమిటీ ముందు పెట్టడానికి సమ్మతి. బదులుగా మేం ఇచ్చినవి: మూడు నెలలకోసారి బయటి ఆడిటర్ తనిఖీ చేసిన లెక్కలు, పూడిక తీయడానికి ప్రత్యేక నిధి, గ్రేస్ పీరియడ్ ముగియడానికి ముందే మొదటి కిస్తీ డబ్బు ఖాతాలో జమ. చివరిదాని మీద ఆర్థిక శాఖలో పెద్ద వాదనే జరిగింది. గడువుకు ముందే డబ్బు ఎందుకు కట్టుకోవాలని అడిగారు. నా వాదన ఒకటే: ఇప్పుడు మన దగ్గర డాలర్లున్నాయి, ఇవాళ అడిగితే బేరం, వచ్చే ఏడాది కిస్తీ తప్పాక అడిగితే బతిమాలడం.

మూడు విడతల చర్చల తర్వాత మూడు కోరికలకు ఒప్పుకున్నారు. బడ్జెట్ దగ్గర రాజీ పడ్డాం. నిల్వ తగ్గినప్పుడు మాత్రమే వాళ్ల ఆమోదం కావాలి. ఊహించనిది ఒకటి దక్కింది. సైన్యం, రాయబార కార్యాలయాలు, సెంట్రల్ బ్యాంకు మినహాయింపును మేం కోరికల జాబితాలోంచి వదిలేసుకున్నాం, కానీ వాళ్ల లాయరే తమ కొత్త ఒప్పందాల్లో అది మామూలేనని చెప్పి కలిపాడు. అది లేకపోవడానికి కారణం ఇన్నాళ్లూ ఎవరూ అడగకపోవడమే.

విచారణ జరిగే చోటు మారలేదు. పోటీ రేవు షరతూ కదల్లేదు.

నేర్చుకున్నవి

ఇప్పుడు ఏ ఒప్పందం చేతికొచ్చినా ముందు షెడ్యూళ్లు, పటాలు చదువుతాను. ఆ మూడు గడుల కాగితం నింపాకే వడ్డీ జోలికి వెళ్తాను. నింపేటప్పుడు ఆర్థిక శాఖవాళ్లతో పాటు రేవు అకౌంటెంటును, హార్బర్ మాస్టర్‌ను కూర్చోబెడతాను. ఏ నిర్ణయం ఎక్కడ ఆగుతోందో వాళ్లకే తెలుసు. ఈ కేసులో ఆ ఫైలు చూపించకపోయి ఉంటే ‘తనఖా లేదు, దిగులు వద్దు’ అని రాసిచ్చి విమానమెక్కేవాణ్ని. అందులో ప్రతి వాక్యమూ నిజమే అయ్యుండేది, సలహా మాత్రం తప్పయ్యుండేది.

విదేశీ డబ్బు ప్రమాదమా అని అడిగేవాళ్లకు, ఎవరి డబ్బు అన్నది తర్వాత చూద్దాం, మీ ప్రభుత్వం రేపు మనసు మార్చుకుంటే ఎవరి అనుమతి అడగాలో ముందు చూపించండి అంటాను. కొన్ని నిర్ణయాలు పంచుకోవడం న్యాయమే, అప్పిచ్చినవాడికీ రక్షణ కావాలి. ఏవి పంచుకున్నామో పార్లమెంటుకు తెలియకపోవడాన్ని మాత్రం ఏ వడ్డీ రాయితీ కోసమూ ఒప్పుకోకూడదు. ఆ దేశంలో ఇప్పుడు ఒక నియమం వచ్చింది. ఒప్పందం పూర్తి పాఠం, పటాలతో సహా, కమిటీ చదివాకే అటార్నీ జనరల్ అభిప్రాయం ఇవ్వాలి.

రెండేళ్ల తర్వాత వేరే పని మీద వెళ్లినప్పుడు జెట్టీ దాకా నడిచాను. గాలివానకు పడవలు పాడైన నెలలో రుసుము మాఫీ చేసిన ఉత్తర్వు నోటీసు బోర్డు మీద ఉంది. తేదీ, ముద్ర, మంత్రిగారి సంతకం. ఇంకెవరిదీ లేదు. అక్కడి నుంచి డైరెక్టర్ గారి ఆఫీసుకు వెళ్తే ఆవిడ బల్ల మీద అదే పాత పటం పరిచి ఉంది. ఉత్తరాన మత్స్యకారుల ఊరికి ఒక చిన్న హార్బర్ కావాలట. పెన్సిల్‌తో చుక్క పెట్టారు. ఆ చుక్క ఒప్పందం గీతకు లోపలే ఉంది. ఇలాంటి చిన్న చేపల హార్బర్ కూడా పోటీ ‘రేవు’ కిందికి వస్తుందా రాదా అన్న దాని మీద బ్యాంకుకు రాయాల్సిన ఉత్తరం ముసాయిదాను నా వైపు జరిపి, “చదవండి” అన్నారు.